ఎడమ చివరి మెట్టు

“మూత మీద చెయ్యి పడిందంటే ఊరుకునేది లేదు!”

టీచరమ్మ ఆ మాట అని ఊరుకోలేదు. పియానో ముందున్న బల్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, మూతకి వీపు ఆనించి, రెండు చేతులతో దాని అంచులు పట్టుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమెను అక్కణ్ణుంచి కదపాలంటే ఎత్తాలి, ఎత్తే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

పియానో మేస్త్రి పనిముట్ల సంచీతో గుమ్మంలోనే ఆగిపోయాడు. రమ్మని కబురు పెట్టింది పెద్దమ్మాయి, పొమ్మంటున్నది తల్లి. ఆయన ఒక కాలి బూటు విప్పి, రెండోది విప్పాలో వద్దో తేలక అలాగే ఉండిపోయాడు.

“చూడనీ అమ్మా. చూసినంత మాత్రాన ఏం పోతుంది?” అంది పెద్దమ్మాయి.

“చూసేదేముంది? తడిసిన చెక్క. నాలుగింటికి బండి వస్తుంది, పట్టుకుపోతారు.”

“మొన్నటిదాకా దాని మీద గ్లాసు పెడితే కొట్టినంత పని చేసేదానివి.”

“మొన్నటి మాట మొన్నటిది.”

పెద్దమ్మాయి అని ఇంకా అంటున్నారు గానీ ఆమెకు నలభై ఏళ్ళు. పెళ్ళి ఊసు ఎత్తినవాళ్ళందరూ అలిసిపోయి ఎత్తడం మానేశారు. తల్లితోనే ఉంటుంది.

పదిహేను రోజులుగా ఆ ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. పెద్దమ్మాయి తమ్ముడింటికి తల్లీ కూతుళ్ళు వెళ్ళిన రెండు రోజుల్లోనే పై వాటాలో గొట్టం పగలాలా? పగిలింది. కారిన నీళ్ళు గదిలో ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా పియానో మీదే పడ్డాయి. కుడివైపు చెక్క ఉబ్బి పై పొర లేచిపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా ఇంటికి అన్నం పెట్టిన పియానో అది. వీధిలో సగం మంది దాని ముందు కూర్చుని టీచరమ్మ చేత వేళ్ళ మీద దెబ్బలు తిన్నవాళ్ళే. న్యాయంగా అయితే బాగు చేయించమని తల్లి ఏడవాలి, పోనీలే అమ్మా అని పిల్లలు ఓదార్చాలి. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది.

తమ్ముడు పొద్దుటే వచ్చాడు, తగవు తీరుస్తానని. తీర్చడం మాట అటుంచి, కిటికీకీ తలుపుకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“అమ్మే వద్దంటుంటే నీకెందుకక్కా ఇంత పట్టుదల? నువ్వు దాన్ని వాయించి ఇరవై రెండేళ్ళయింది.”

“దుమ్ము తుడిచింది ఎవరు?”

“దుమ్ము తుడవడానికి పియానోనే కావాలా? చెవిటి మేళానికి...” అని నాలుక్కరుచుకున్నాడు.

ఆ పేరు వాడు పద్నాలుగేళ్ళప్పుడు పెట్టింది. అక్క సంగీత పాఠశాల పరీక్షకని రాజధానికి వెళ్ళి, చెవి పరీక్షలో తప్పి, రైలు దిగి ఇంటికి వచ్చిన మర్నాడు. అప్పుడు ఆమె ఏడ్చింది. ఆ తరువాత మిగతావాళ్ళకంటే ముందు తనే నవ్వడం నేర్చుకుంది. ఇప్పుడూ నవ్వింది.

“అను, పర్లేదు. చెవిటి మేళానికే పియానో కావాలి.”

లోపలి గదిలో ఫోను మోగింది. టీచరమ్మ కదల్లేదు. ఫోను ఆగి, మళ్ళీ మోగింది.

“బండివాళ్ళేమో. దారి తెలియక అడుగుతున్నారేమో,” అన్నాడు తమ్ముడు.

టీచరమ్మ కూతురి వంక చూసింది, మేస్త్రి వంక చూసింది. “నేను వచ్చేదాకా ఎవరూ దీని జోలికి రావద్దు,” అని గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఆమె చీర కొంగు తలుపు దాటీ దాటకముందే పెద్దమ్మాయి మూత ఎత్తింది.

“రండి మేస్త్రిగారూ. త్వరగా.”

“అక్కా!”

“నువ్వు నోరు మూసుకుని ఆ దీపం పట్టుకో.”

మేస్త్రి రెండో బూటు విప్పకుండానే వచ్చేశాడు. ముందు పలక ఊడదీసి గోడకి ఆనించాడు. దీపం వెలుతురులో లోపలి తీగలు, వాటి ముందు బారుగా నిలబడ్డ చిన్న సుత్తులు కనిపించాయి. కుడివైపు సుత్తులు, వాటి మీది ఉన్ని నాని ఉబ్బడంతో, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఒక్కొక్కటే వేలితో కదిపి చూశాడు.

“సుత్తులు మార్చచ్చు, తీగలు మార్చచ్చు,” అన్నాడు. “ఇదిగో, తీగల మేకులు దిగ్గొట్టిన పలక. ఇది బీటిచ్చింది. నీళ్ళ వల్ల కాదు, చాలా పాత బీట. మేకులు పట్టు వదిలేస్తున్నాయి. దీన్ని తీసి కొత్తది వెయ్యాలంటే పియానో మొత్తం విప్పాలి. మూడు నెలల పని. ఇంకెవరినైనా అడిగితే దండగ అంటారు.”

“మీరేమంటారు?”

“వెనక పలక బాగుంటే ఆలోచించచ్చు. మోత పుట్టేది దానిలోంచే. అది చెడితే నేనూ దండగ అనే అంటాను.”

ముగ్గురూ కలిసి పియానోను గోడ నుంచి మూరెడు ముందుకి జరిపారు. మేస్త్రి వెనక్కి దూరి వంగే లోపలే పెద్దమ్మాయి చెయ్యి పెట్టి, వేలి కణుపుతో ఆ పెద్ద పలుచని పలకను కింది నుంచి పై వరకూ టక టకా కొట్టుకుంటూ పోయింది. ఒక చోట ఆగింది. మళ్ళీ కొట్టింది.

“ఇక్కడ అతుకు ఊడింది. మిగతాదంతా బాగానే ఉంది.”

మేస్త్రి దీపం పెట్టి చూశాడు. పలకకు వెనక అడ్డంగా అంటించిన బద్దె ఒకటి వెంట్రుకంత లేచి ఉంది. ఆయన బయటికి వచ్చి ఆమెను ఎగాదిగా చూశాడు.

“కంటికి కనపడని చోట ఉంది. ఎలా పట్టారమ్మాయిగారూ?”

“పింగాణీ ఫ్యాక్టరీలో నా పని అదే కదండీ. పుల్లతో కంచం అంచు మీద తట్టి, బీట ఉన్నవి పక్కన పెట్టడం. రోజుకి వెయ్యి కంచాలు.”

“మోతని బట్టే?”

“మోతని బట్టే.”

“సంగీతం నేర్చుకోలేదా?”

“నేర్చుకున్నాను. నాకు చెవి లేదండీ. పరీక్షలోనే తేలిపోయింది.”

ఆ మాట ఆమె ఎంత తేలిగ్గా అందంటే, తన ఎత్తూ బరువూ చెప్పినట్టే అంది. మేస్త్రి సంచీలోంచి శ్రుతి చూసే రెండు కాళ్ళ ఇనుప ఫోర్కు తీసి, మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పియానో మధ్యలో ఒక తెల్ల మెట్టు నొక్కాడు. ముఖం చిట్లించాడు. పక్క మెట్టు నొక్కాడు. ఆ పక్కది, ఆ పక్కది.

లోపల్నుంచి టీచరమ్మ గొంతు వినిపిస్తోంది. “కాదయ్యా, ఎడమవైపు సందు! ఎడమవైపు!”

“ఈ పియానో శ్రుతి ఎవరు దించారు?” అన్నాడు మేస్త్రి.

“దించడమేమిటి? నీళ్ళకి చెడిపోయింది,” అన్నాడు తమ్ముడు.

“మధ్య తీగలు తడవలేదు బాబూ. అయినా ప్రతి మెట్టూ ఎడమపక్కనున్న మెట్టు పలకాల్సిన స్వరం పలుకుతోంది. అన్నీ ఒకే కొలతలో, ఒక్క మెట్టు కింద. నీళ్ళు ఇంత సమానంగా చెడగొట్టవు. ఎవరో కూర్చుని, ఓపిగ్గా, కావాలని చేసిన పని ఇది.” ఆయన పెద్దమ్మాయి వైపు తిరిగాడు. “ఆ పరీక్షలో ఏమడిగారు మిమ్మల్ని?”

“గోడ వైపు తిరిగి నిలబడమన్నారు. పియానో మీద ఒక్కో మెట్టు నొక్కి, అది ఏ స్వరమో పేరు చెప్పమన్నారు. ఇరవై నొక్కారు. ఇరవై తప్పు చెప్పాను.”

“ఎలా తప్పు?”

“అదేమిటి, తప్పంటే తప్పే.”

“కాదమ్మా. నోటికొచ్చింది చెప్పారా? ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోయిందా?”

ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. “లేదు. అన్నీ ఒక మెట్టు పైదే చెప్పానట. పరీక్ష పెట్టినాయన నవ్వి, తప్పడంలో కూడా ఇంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదన్నాడు. మీ పియానోయే శ్రుతి తప్పి ఉందేమో అన్నాను. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు.”

మేస్త్రి ఫోర్కును మళ్ళీ మోకాలికి కొట్టి ఆమె చెవి దగ్గర పెట్టాడు. “ఇది ఏది?”

“‘ఏ’ అనే స్వరం పక్కనున్న నల్లమెట్టు. పైది.”

“ఇది ‘ఏ’ స్వరం. ప్రపంచంలో ఎక్కడ కొట్టినా ‘ఏ’నే. ఒక్క మీ ఇంట్లో తప్ప.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తమ్ముడికి అసలే అర్థం కాలేదు. మేస్త్రి బల్ల మీద కూర్చున్నాడు.

“మెట్టు చూడకుండా వింటూనే స్వరం పేరు పట్టేసేవాళ్ళు వెయ్యి మందిలో ఒకరుంటారో లేదో. మీరు ఆ ఒకరు. చిన్నప్పుడు ఏ పియానో మీద విన్నారో దాన్నే చెవి పట్టుకుంటుంది. మీ చెవి దీన్ని పట్టుకుంది. ఇది ఒక మెట్టు కింద ఉంది కాబట్టి లోకమంతా మీకు ఒక మెట్టు పైన వినిపిస్తుంది. ఇరవైకి ఇరవై తప్పలేదమ్మా మీరు. ఇరవైకి ఇరవై పట్టారు.”

తమ్ముడి చేతిలో దీపం వంగిపోయి నేల మీద వెలుగుతోంది.

పెద్దమ్మాయికి గ్రామఫోను గుర్తొచ్చింది. పక్కింట్లో ఉండేది. దాని మీద ఏ పాట విన్నా, అమ్మా, ఇది తొందరగా తిరుగుతోందే, అన్నీ పైపైన వినిపిస్తున్నాయే అనేది ఏడేళ్ళ పిల్ల. అవునమ్మా, ఆ పెట్టె చెడిపోయిందిలే అనేది అమ్మ. ఎన్నిసార్లు అంది! చదువుకునే బడిలో పియానో ఉంటే ముట్టుకోవద్దంది, వేళ్ళు పాడవుతాయంది.

“మూత ఎవరు తియ్యమన్నారు?”

టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి అరవలేదు. ఆ మెత్తదనానికే తమ్ముడు రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇది ఒక మెట్టు కింద ఉందట,” అంది పెద్దమ్మాయి. “నీకు తెలుసా?”

“పాత పియానో. అరిగిపోతుంది, దిగిపోతుంది. ఎవరికి తెలుస్తుంది ఇవన్నీ?”

మేస్త్రి నీళ్ళు నమిలాడు. తల్లీ కూతుళ్ళ మధ్య ఎందుకొచ్చిన గొడవ అనుకున్నట్టున్నాడు. కానీ పెద్దమ్మాయి ఆయన వైపే చూస్తోంది, చూపు తిప్పడం లేదు.

“శ్రుతి చేసేది ఎవరండీ దీన్ని?” అని అడిగాడు మేస్త్రి.

“ఒక పెద్దాయన వచ్చేవాడు. ఎప్పుడూ మెడకి మఫ్లరు. రెండేళ్ళ కిందట పోయాడు. ఇంకెవరినీ అమ్మ రానివ్వలేదు.”

“మా గురువుగారు,” అన్నాడు మేస్త్రి. “ఆయన చేసిన ప్రతి పనీ రాసేవారు.”

ఆయన వంగి, ఎడమవైపు చివరి మెట్టును మెల్లిగా పైకి లాగాడు. బయటికి కనిపించే తెల్ల ముక్క వేలెడే గానీ, దాని వెనక మూరెడు పొడవు కర్ర ఉంది. ఆ కర్ర పక్కవైపున పెన్సిలు రాత. సన్నగా, చీమలు పాకినట్టు, తారీఖులు, వాటి పక్కన ఒక్కో ముక్క.

టీచరమ్మ గబుక్కున ముందుకి వచ్చింది. “అది ఇటివ్వండి.”

పెద్దమ్మాయి చెయ్యి ముందు చేరింది.

రెండో వరసలోనే ఉంది. “మేకుల పలక బీట. తీగలు ఆగవు. శ్రుతి మొత్తం ఒక మెట్టు దించాను. టీచరమ్మకు చెప్పాను.” తారీఖు చూసి ఆమె వేళ్ళ మీద లెక్క కట్టుకుంది.

“అప్పటికి నాకు ఐదేళ్ళు. ఆ నెలలోనే కదా నన్ను దీని ముందు కూర్చోబెట్టావు?”

టీచరమ్మ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది.

“దించకపోతే తీగలు తెగిపోతాయన్నాడమ్మా ఆయన. మీ నాన్న పోయి ఏడాది కాలేదు. కొత్తది కొనే దారి లేదు. పిల్లలు నలభై మంది వస్తున్నారు. అన్నీ సమానంగా దిగితే పాట పాటే కదా, ఏం తేడా వస్తుంది అనుకున్నాను. మిగతా నలభై మందికీ ఏ తేడా రాలేదు కూడా. నీ చెవి అలాంటిదని నాకేం తెలుసు? అలాంటి చెవి ఒకటి ఉంటుందనే తెలియదు నాకు.”

“విన్నావా అక్కా,” అన్నాడు తమ్ముడు ఊపిరి పీల్చుకుని. “తెలియక జరిగింది. అమ్మ మాత్రం ఏం చేస్తుంది?”

పెద్దమ్మాయికి నమ్మాలనే ఉంది. తల్లి చేతులు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ పిల్ల రైలు దిగి వస్తే, ఏం మాట్లాడకుండా తల ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ నిమిరిన చేతులు అవి. తెలియకే జరిగింది. దేనికైనా తెలియకపోవడం ఒక్కటి ఉంటే చాలు, మనుషులు మళ్ళీ కలిసి కూర్చుని టీ తాగచ్చు. ఆమెకు గుండె కొంచెం తేలికైంది కూడా.

“సరే. అయితే ఎందుకు దాచావు? వరదలో కొట్టుకొచ్చినదాన్ని వదిలించుకున్నట్టు బండి ఎందుకు పిలిచావు?”

“నువ్వు బాధపడతావనే. ఇన్నేళ్ళ తరువాత తెలిసి ఏం లాభం?”

“ఇన్నేళ్ళ తరువాత కాదు. నీకు ఎప్పుడు తెలిసింది?”

టీచరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

మేస్త్రి మెట్టు కోసం చెయ్యి చాపాడు. “ఇవ్వండమ్మా, మళ్ళీ పెట్టేస్తాను.” ఆ కంగారే ఆయన్ని పట్టిచ్చింది. పెద్దమ్మాయి కర్రను రెండో వైపు తిప్పింది.

ఆ వైపున తారీఖులు తరువాతివి. “కిందే ఉంచాను.” “కిందే ఉంచాను.” ప్రతి ఏడూ అదే ముక్క. మధ్యలో ఒక చోట రాత పెద్దది, పెన్సిలు గట్టిగా నొక్కి రాసింది. పరీక్ష అయిన నెల తరువాతి తారీఖు.

ఆమె పైకే చదివింది. “పిల్ల పరీక్ష సంగతి విన్నాను. కారణం ఇదేనని టీచరమ్మకు చెప్పాను. పిల్లకి చెప్పి మళ్ళీ పంపమన్నాను. తెలుసన్నారు. చెప్పవద్దన్నారు.”

తమ్ముడు దీపం కింద పెట్టేశాడు.

“అమ్మా,” అన్నాడు.

“చెబితే ఊళ్ళో తెలిసిపోయేది,” అంది టీచరమ్మ. “తప్పుడు పియానో మీద నేర్పిస్తోందని నలభై మందీ మానేసేవాళ్ళు. మీ ఇద్దర్నీ ఏం పెట్టి పెంచను?”

“నాకొక్కదానికి చెవిలో చెప్పుంటే? ఊరంతా చాటేదాన్నా నేను?”

“రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. నువ్వు ఆ వారమే ఫ్యాక్టరీలో చేరిపోయావు.”

“ఇరవై రెండేళ్ళు నా మీద నేనే నవ్వుకున్నాను, నీ ఎదురుగా. వీడు చెవిటి మేళం అంటే నువ్వు కూడా నవ్వావు అమ్మా. ఒక్కసారి కాదు. నిజం చెప్పు. పియానో కోసమేనా?”

బయట ఏదో బండి ఆగింది. ఇంజను ఆగకుండా గురగురమంటూనే ఉంది. కిటికీ అద్దం సన్నగా వణికింది.

టీచరమ్మ కూతురి చేతిలోని కర్ర వంక చూసింది. తరువాత మాట్లాడిన గొంతు టీచరమ్మది కాదు, ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు.

“రెండోసారి వెళితే నువ్వు నెగ్గేదానివి. నెగ్గితే తిరిగి వచ్చేదానివి కాదు. వీడికి పద్నాలుగేళ్ళు. సాయంత్రం పిల్లలందరూ వెళ్ళిపోయాక ఈ గదిలో నాతో మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు ఓడిపోయి వచ్చిన రోజు నేను నీతో పాటు ఏడ్చాను. ఏడుస్తూనే...” ఆగింది. “ఏడుస్తూనే లోపల హాయిగా అనిపించింది. అది నీకు ఎలా చెప్పను?”

తలుపు గంట మోగింది.

ఇంట్లో మోగే ప్రతిదానికీ పెద్దమ్మాయి చెవి పేరు పెట్టేస్తుంది. గంటకీ, టీ గిన్నెకీ, ఫ్యాక్టరీలో ప్రతి కంచానికీ. ఎలాగూ తప్పే కదా అని బయటికి చెప్పేది కాదు, అంతే. ఇప్పుడూ గంట పేరు వినిపించింది. దాన్ని ఒక మెట్టు కిందికి సరిచేసుకుంది. అలా సరిచేసుకోవడం అదే మొదటిసారి. ఎంత సులువో! ఇరవై రెండేళ్ళకు సరిపడే పని అరక్షణంలో అయిపోయింది. ఆమెకు ఒళ్ళంతా మంటగా ఉంది.

గంట మళ్ళీ మోగింది.

“మేస్త్రిగారూ, వెనక పలక బాగుంటే ఆలోచించచ్చన్నారు.”

“బాగుందమ్మా. ఆ ఒక్క అతుకే.”

“అయితే బాగు చెయ్యండి. కొత్త పలక వేసి, శ్రుతి ఎక్కడ ఉండాలో అక్కడికి తెండి. మూడు నెలలైనా సరే, ఇక్కడే, ఈ గదిలోనే చెయ్యండి.”

టీచరమ్మ తలెత్తింది. ఆ ముఖంలో ఆశ కనిపించింది. అది చూడలేక పెద్దమ్మాయి తలుపు దగ్గరికి వెళ్ళింది. మెట్టు ఇంకా చేతిలోనే ఉంది.

గుమ్మంలో ఇద్దరు మనుషులు, భుజాల మీద తాళ్ళు.

“పియానో అన్నారు. ఏ గదిలో ఉందండీ?” అన్నాడు ముందున్నవాడు.

“పియానో ఇక్కడే ఉంటుంది,” అంది పెద్దమ్మాయి. “వెనక గదిలో ఒక మంచం, ఒక బీరువా, రెండు పెట్టెలు ఉన్నాయి. అవి ఎక్కించండి.”

“అవెవరివి?”

“నావి.”

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని లోపలికి నడిచారు. వెనక కుర్చీ కిర్రుమంది. టీచరమ్మ లేవబోతోంది.

“ఎక్కడికే?” అంది.

పెద్దమ్మాయి వెనక్కి తిరగలేదు. ఎక్కడికో ఆమెకు ఇంకా తెలియదు.